కదలకుండా రాసిన పదకొండు పేజీలు

నలభై ఏళ్లపాటు రోజూ రాసిన డైరీ ఒకనాడు నా కుడిచేతికి క్యాన్సర్ తెప్పించబోయింది. నవ్వకండి, వరసగా చెబుతాను.

కుప్పం స్టేషన్లో వచ్చే రైలూ పోయే రైలూ నిమిషాలతో సహా రాసి రిటైరైనవాణ్ణి. మదనపల్లెలో ఇల్లు కట్టుకుని కుదురుకోగానే మెడలో గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. నెలల తరబడి మందులెక్కించాక గడ్డ కరిగింది. లోపల ఏమైనా మిగిలిందేమో పెట్ స్కాన్ తీసి చూడాలని బెంగళూరు పంపారు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ఊళ్లో ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. మిగిలి ఉంటే మళ్లీ మొదటి నుంచి మందులు. నా భార్య రత్నమ్మ దారిపొడుగునా మొక్కుకుంటూనే ఉంది.

అక్కడి నర్సు పుంగనూరు అమ్మాయి. ఎడమచేతికి సూది వేసి చెప్పింది.

"ఇది చక్కెర మాదిరి మందప్పా. దీంట్లో కొంచెం కిరణాలుండాయి. క్యాన్సర్‌కి చక్కెరంటే ఆశ. యాడుంటే ఆడ తినేసి మెరుస్తాది, మిషన్ పట్టేస్తాది. కండలు కదిలిస్తే అవీ తింటాయి. అందుకే గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు."

"ఊపిరి?"

"అదొకటి తీసుకోప్పా."

తలుపు వేసి పోయింది. దొంగకు బెల్లం పెట్టి పట్టుకునే యంత్రం! ఇంత వింత రాయకుండా ఉండడమెలా? దిండు కింద దాచిన డైరీ బయటికొచ్చింది.

గంట తర్వాత బావి వరలాంటి యంత్రంలోకి బల్లతో సహా నన్ను తోశారు. సాయంత్రం డాక్టరు పిలిచారు. తెరమీద నేనే! చర్మం లేదు, దాపరికం లేదు, లోపలంతా కనిపిస్తోంది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

"మెడలో ఏమీ లేదు" అన్నారాయన. రత్నమ్మ కళ్లు తుడుచుకుంది. "కానీ ఈ కుడిచెయ్యేంది, మోచేతి నుంచి వేళ్లదాకా మతాబు మాదిరి మెరుస్తాండాది?"

"చేతికి పాకిందా సామీ?" రత్నమ్మ నా కుడిచెయ్యి పట్టుకుంది.

"అట్లా అనిపించడం లేదమ్మా. అనుమానం తీరాలంటే ముక్క తీసి చూడాల."

నర్సు నావైపు తిరిగింది. "అప్పా, చేత్తో ఏమన్నా చేసినావా?"

"లేదమ్మా! రాయి మాదిరి పండుకోనుంటి."

రత్నమ్మకు నాతో ముప్పై అయిదేళ్ల అనుభవం. సంచిలో చెయ్యి పెట్టి డైరీ లాగి, పైకి చదివింది.

"'పది ఇరవై. కదలొద్దన్నారు. కదలడం లేదు. పది ఇరవై రెండు. ఇప్పటికీ కదలడం లేదు.'" పేజీలు తిప్పింది. "ఏమయ్యా, పదకొండు పేజీలు కదలకుండానే రాసినావా?"

డాక్టరు నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసేశారు. ముక్క తీసే పని తప్పింది. నేను మాత్రం తెర మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. మూసిన గదిలో చేసిన దొంగపనిని, ఏ చేత్తో చేశానో దాంతో సహా చూపించింది ఆ యంత్రం. నలభై ఏళ్లలో నా డైరీ కూడా నా గురించి ఇంత నిజం చెప్పలేదు.

అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో స్కాన్ గదిలోకి కలం, కాగితం, పెన్సిల్ ముక్క తీసుకుపోను. ఆ ప్రమాణం ఆనాటి డైరీలో భద్రంగా ఉంది. దస్తూరీ మాత్రం రత్నమ్మది. కలం నా చేతికిస్తే కదా!