కారికమ్మ చెట్టు

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరి పెరట్లోనైనా కొత్త మొక్క వేస్తే అది ఆ ఇంటివాళ్ళ సొంత సంగతిగా ఉండేది కాదు. కొబ్బరీ అరటీ వేస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ పేరు తెలియని ఆకు ఒక్కటి దడి మీంచి తొంగి చూసిందంటే చాలు, దారిన పోయేవాళ్ళు బండాపి "ఇదేం చెట్టండీ?" అని అడిగి, మనం చెప్పింది ఓపిగ్గా విని, "అబ్బే, మన నేలకి రాదండి" అని తీర్పు చెప్పి మరీ వెళ్ళేవారు. అలాంటి ఊళ్ళో మా పెదనాన్నగారు అంజూరపు మొక్క నాటారు. అది కాపుకొచ్చేనాటికి నేను అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. బోటనీ. (లోకంలో ఉన్న చెట్లన్నీ నన్నడిగే కాయాలన్నంత ధీమాగా ఉండేదాన్ని.)

పెదనాన్నగారు మస్కట్‌లో ఒక పెద్దాయన ఇంట్లో ఏళ్ళ తరబడి కారు నడిపారు. ఆ ఇంటి వెనక తోటలో అంజూరపు చెట్లుండేవట. పొద్దున్నే కారు తుడిచి, బాగా పండి మెడ వాల్చిన పండొకటి చూసి కోసుకుని, అక్కడే నిలబడి తినేవారట. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు పెద్దమ్మకి ఫోన్ చేసేవారు. పిల్లల చదువులూ కొబ్బరి దింపులూ అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు మాత్రం ఆ పండు సంగతి రావలసిందే. "ఎండబెట్టింది కాదే, చెట్టున పండింది. చెబితే తెలిసేది కాదు, తినాల్సిందే" అనేవారు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఎండు అంజీర పెట్టెనిండా తెచ్చేవారు. పెద్దమ్మ ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఎవరో నమిలి మళ్ళీ పొట్లం కట్టినట్టున్నాయండీ" అని మాకు పంచేసేది. తాజాగా ఉన్నప్పుడు ఇది మరోలా ఉంటుందంటే ఆవిడ నమ్మలేదు. ఆయన పూర్తిగా ఇంటికొచ్చేసిన నెలలోనే కడియం వెళ్ళి, నర్సరీలో మొక్క కొని, బస్సులో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మాదీ వాళ్ళదీ ఒకే పెరడు. అందులో నీళ్ళు నిలవని మెరక, రోడ్డు పక్క దడి దగ్గర మాత్రమే ఉంది. మొక్క అక్కడ పాతారు. మా కష్టాలన్నీ ఆ మెరక వల్లే వచ్చాయి.

చెట్టు బతికింది, పెరిగింది, కాసింది కూడా. తొలి కాపు చూసి పెద్దమ్మ సంబరపడి, కాయలు పచ్చగా గట్టిగా ఉండగానే కోసేసి, అరటి గెలని మగ్గేసినట్టు కుండలో ఎండుగడ్డి పరిచి మగ్గేసింది. పెదనాన్నగారికి అనుమానం వచ్చి "ఇది చెట్టునే పండాలేమోనే" అని నసిగారు. అప్పుడు నేను రంగంలోకి దిగి, కాయని పండించే వాయువు ఒకటుంటుందనీ, మూతపెడితే అది లోపలే నిలిచి పని చేస్తుందనీ, ఇదంతా మాకు పాఠంలో ఉందనీ గట్టిగా చెప్పాను. (పాఠంలో ఉన్నది అరటిపండు గురించి. నేను ఉదారంగా అన్నిటికీ వర్తింపజేశాను.) వారం పోయాక మూత తీస్తే కాయలు ముడతలు పడి చెప్పు తోలులా ఉన్నాయి. నేను పట్టువదలకుండా ఒకటి కొరికాను. తొడిమలో ఇంకా మిగిలిన పాలు తగిలి పెదాలు వాచిపోయి, ఆ మర్నాడు కాలేజీలో ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాను. అంత నిశ్శబ్దంగా నేను క్లాసులో కూర్చోవడం మా లెక్చరరు గారికి ఎంతో నచ్చింది.

తర్వాతి కాపుకి నా మాట ఎవరూ అడగలేదు. పండ్లు చెట్టునే పండనిద్దామనుకున్నారు. కానీ పండిన సంగతి మాకంటే ముందు పిగిలిపిట్టలకీ గోరింకలకీ తెలిసిపోయేది. పొద్దున్నే వెళ్ళి చూస్తే డొల్ల వేలాడుతూ ఉండేది. అప్పుడు పెద్దమ్మకే ఉపాయం తోచింది. పేరంటాలకి వెళ్ళినప్పుడల్లా తాంబూలంలో ఇచ్చిన జాకెట్టు ముక్కలు ఆవిడ ట్రంకు పెట్టెలో కొండలా పేరుకుని ఉన్నాయి. వాటిని సంచుల్లా కుట్టి, ఎర్రవీ పసుపువీ ఆకుపచ్చవీ, ఒక్కో కాయకీ ఒక్కోటి తొడిగి దారంతో కట్టింది. సాయంత్రానికి చెట్టు పెళ్ళివారింటిలా తయారైంది. పిట్టలు వచ్చి, చూసి, ఏమనుకున్నాయో ఏమో వెళ్ళిపోయాయి.

పిట్టలయితే వెళ్ళాయి గానీ శనివారం వచ్చింది. మా ఊరు అప్పనపల్లి వెళ్ళే దారిలో ఉంది. శనివారాలు బాలాజీ దర్శనానికి నడిచి వెళ్ళేవాళ్ళు మా దడి పక్కనుంచే పోవాలి. ఎవరో పొరుగూరావిడ గుడ్డలు కట్టిన చెట్టుని చూసి ఆగి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, తన కొంగున ఉన్న పసుపు గుడ్డ చించి ఒక కొమ్మకి కట్టింది. అది మా ఎదురింటి రేడియో మామ్మగారి కంటపడింది. (ఆవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చాక కూడా వార్త ముందు ఆవిడ దగ్గరనుంచే వచ్చేది.)

"ఏవమ్మా, ఇది మేడి జాతేనంటగా? మేడి అంటే దత్తాత్రేయస్వామి ఉండే చెట్టు కదండీ!" అన్నారు మామ్మగారు పెద్దమ్మతో.

"ఆయ్, ఆ జాతేనంటండి. కానీ ఇది మస్కట్టు మేడండి, మావారికి ఇష్టమని తెచ్చేరు" అంది పెద్దమ్మ అమాయకంగా.

మస్కట్టు అన్న ఆ ఒక్క మాట చాలింది. మొక్క వచ్చింది కడియం నుంచేనని పెదనాన్నగారు ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. మస్కట్ నుంచి వచ్చిన దేవతావృక్షానికి ముడుపు కడితే మస్కట్ వెళ్ళే వీసా వస్తుందని మరుసటి శనివారానికల్లా తేలిపోయింది. గల్ఫ్ వెళ్ళడానికి ఏజెంట్ల చుట్టూ తిరుగుతున్న కుర్రాళ్ళ తల్లులు పసుపూ కుంకుమా అగరొత్తులూ పట్టుకుని రాసాగారు. కొందరు కొడుకు పాస్‌పోర్టు తెచ్చి చెట్టు మొదలుకి ఆనించి తీసుకెళ్ళేవారు. పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని వాళ్ళని చూస్తూ, "అక్కణ్ణుంచి ఇంటికి రావాలని నేను మొక్కని దేవుడు లేడే అమ్మాయీ. వీళ్ళేమో వెళ్ళాలని నా చెట్టుకే మొక్కుతున్నారు" అని నవ్వారు. ఆ నవ్వు చివరిదాకా రాలేదు.

ఇక ఈ మూఢత్వాన్ని అంతమొందించే బాధ్యత నా మీదే ఉందని నాకు అనిపించింది. ఒక శనివారం చెట్టు కింద నిలబడి, చేతిలో ఆకు పట్టుకుని, చేరిన ఆడవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చాను. "ఇది దేవత కాదండీ, మామూలు పండ్ల చెట్టు. దీని శాస్త్రీయ నామం ఫైకస్ కారికా" అన్నాను, ఆఖరి మాట కాస్త సాగదీసి, గంభీరంగా. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. రేడియో మామ్మగారు రెండు చేతులూ జోడించి, "కారికమ్మా! ఇన్నాళ్ళూ పేరు తెలియక పిలుచుకోలేకపోయాం తల్లీ. చదువుకున్న పిల్ల నోట పలికించావు!" అన్నారు. వెనకనుంచి ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు కొన్ని నా మీద కూడా పడ్డాయి.

ఈ సందట్లో సంచుల్లో కాయలు మెత్తబడి, పండి, మెడలు వాల్చేశాయి. ఒకరోజు పొద్దున్నే పెదనాన్నగారు ఎంతో ఆశగా వెళ్ళి ఒక సంచి ముడి మీద చెయ్యి వేశారో లేదో, ఎదురింటి గుమ్మంలోంచి కేక వినిపించింది. "అయ్యయ్యో బాబూ, మొక్కులున్న చెట్టండీ! చెయ్యెయ్యకండి!" ఆయన విసుక్కుని పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ కూడా తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. ఏ తల్లి కొడుకు వీసాకో అడ్డొచ్చిందంటే ఆ ఉసురు మనకెందుకు?"

"నీకోసం వేసిన చెట్టే ఇది!" అన్నారాయన.

"తెలుసండీ. అయినా వద్దు" అంది.

నేను అంతవరకు పెదనాన్నగారు కోపంగా ఉండటం చూడలేదు. ఆ రోజూ కోపం కాదు. లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు, అంతే. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పెద్దమ్మ విస్తరి వేసి, తానూ తినకుండా దాని పక్కనే కూర్చుంది. ఆకాశం చూస్తే మబ్బులు కమ్ముతున్నాయి. తొలకరి జల్లు పడిందంటే పండిన పండు పగిలి పులిసిపోతుంది. ఇన్నేళ్ళు ఫోన్లో చెప్పిన పండు కళ్ళెదుట సంచుల్లోనే కుళ్ళిపోయేలా ఉంది.

శనివారం పొద్దున్న ఆయన లేచి, తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చారు. అప్పటికే ఆడవాళ్ళు చేరి ఉన్నారు. "అమ్మలూ, ఒక సంగతి అడుగుతాను చెప్పండి. అమ్మవారు ప్రసాదం ఇస్తుంటే తీసుకోకుండా కుళ్ళబెడితే ఆవిడకి కోపం రాదాండీ?" అన్నారు వినయంగా. అందరూ రేడియో మామ్మగారి వైపు చూశారు. మామ్మగారు కాసేపు ఆలోచించి, "వస్తుందండీ. చాలా వస్తుంది" అని తేల్చేశారు.

పెద్దమ్మ మొహం విచ్చుకుంది. ఆయన సంచులు విప్పి పళ్ళెంలో పెడుతుంటే, ఆవిడ ఒక్కో పండూ నాలుగు ముక్కలు చేసి చేతుల్లో పెట్టింది. లోపల ఎర్రగా, సన్నటి గింజలతో ఉన్న ముక్కని చూసి జనం గతుక్కుమన్నారు. మేడిపండు పొట్టలో ఏముంటుందో తెలియని తెలుగువాడు లేడు కదా. కానీ ప్రసాదమాయె! ఉమ్మకూడదు. అందరూ కళ్ళు మూసుకుని, ప్రాణం అమ్మవారి చేతిలో పెట్టి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. "కోడలికి ఇంకో ముక్కండి" అని ఒకావిడ, "మా ఆయన రాలేదండి, ఆయన వంతు" అని ఇంకో ఆవిడ. మామ్మగారు మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ ఇదే మొదటిసారన్నట్టు. పెద్దమ్మకి చెయ్యి ముడుచుకోవటం తెలియదు. ఇచ్చింది, ఇచ్చింది, చివరికి పళ్ళెం ఖాళీ చేసి తలెత్తి పెదనాన్నగారిని చూసింది. ఆయనా చూశారు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

జనం వెళ్ళిపోయాక ఆయన నిచ్చెన వేసుకుని కొమ్మ కొమ్మా వెతికారు. పై చివర ఆకుల మధ్య ఒక ఆకుపచ్చ సంచి మిగిలి ఉంది. కిందికి తెచ్చి చూస్తే గుడ్డకి చిల్లు. లోపల పండు సగం పిట్ట తినేసింది.

"చిలక కొట్టిన పండు తియ్యగా ఉంటుందంటారు కదే" అన్నారు, తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు. ఎంగిలి పడిన భాగాన్ని గోటితో తీసేసి, మిగిలిన ముక్కని ఆవిడ అరచేతిలో పెట్టారు. అరుగు మీద ఆవిడ కూర్చుంది, ఆయన పక్కనే కూర్చున్నారు. పెద్దమ్మ నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆయన ఆవిడ మొహంలోకే చూస్తున్నారు, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు. ఆవిడ మింగి, రోడ్డు వైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది. కళ్ళు కూడా తుడుచుకుందేమో, నాకు సరిగా కనబడలేదు.

"ఇంకోటి లేదాండీ?" అంది.

పెదనాన్నగారు పగలబడి నవ్వారు. ఈసారి నవ్వు చివరిదాకా వచ్చింది. మర్నాడే వాన మొదలైంది. ఆ ఏడు గోదావరి పొంగి మెరక మీదకి కూడా నీళ్ళొచ్చి, వేళ్ళు కుళ్ళి చెట్టు పోయింది. ముడుపులు కట్టినవాళ్ళలో కొందరికి వీసాలొచ్చాయి, కొందరికి రాలేదు. రానివాళ్ళ తల్లులు తప్పు చెట్టుది కాదన్నారు.

ఇంతా జరిగితే, ఆ శనివారం దడి పక్కన నిలబడ్డ నాకు మిగిలిన బాధల్లా ఒక్క ముక్కైనా దక్కలేదనే. పెద్దమ్మా పెదనాన్నగారూ అలా పక్కపక్కన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారన్న సంగతి తోచనే లేదు. ఇప్పుడు నాకూ పెళ్ళయింది. మా ఆయన ఓడలరేవు వైపు ప్లాంటులో షిఫ్టుల మీద పని చేస్తారు. ఏం వండినా, ఏ పండు కోసినా, ఆయన వాటా మూతపెట్టి ఉంచి, ఆయన వచ్చేదాకా నా వాటా కూడా ముట్టుకోను. అలా కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ బోటనీ పిల్ల గుమ్మంలో నిలబడి, "ఆకలేస్తే తినెయ్యొచ్చుగా, ఇదేం మూఢత్వం?" అని అడుగుతున్నట్టు ఉంటుంది. నేను మూత సర్దుతాను. అడగనీ పాపం, దానికింకా రెండో ఏడే కదా.