పంతొమ్మిదో వారం దగ్గర ఆగిన కథ

జీవరత్నం తండ్రి క్రిస్మస్ రోజుల్లో చర్చీల ముందు బుర్రకథ చెప్పేవాడు. అబ్రాహాము దేవుడికి బలివ్వబోతూ కొడుకు ఇస్సాకు మీదికి కత్తి ఎత్తిన చోట టక్కున ఆపి, గుమ్మెట వాయించే వంతపాటగాణ్ణి మంచినీళ్ళు అడిగేవాడు. ఇస్సాకు బతుకుతాడని అందరికీ తెలుసు. అయినా ఆ గుక్కెడు నీళ్ళు ఆయన గొంతు దిగేదాకా ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు. "కత్తి ఎవడైనా ఎత్తుతాడురా. దించకుండా ఉంచటమే కథ," అనేవాడు కొడుకుతో.

జీవరత్నం ఆ విద్యను కాగితం మీదికి తెచ్చుకున్నాడు. వన్ టౌన్‌లో శుభలేఖలు వేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, ఇరవై ఆరేళ్ళు ఒక వారపత్రికకు సస్పెన్స్ సీరియళ్ళు రాశాడు. నాటకానికి తెర ఉంది, సినిమాకు సంగీతం ఉంది, టీవీ సీరియల్‌కు ఒకే మొహాన్ని మూడుసార్లు దగ్గరగా చూపించే వెసులుబాటు ఉంది. అతనికున్నది ప్రతి వారం చివరి వాక్యం ఒక్కటే. దానికోసం తిండి కూడా మరిచిపోయేవాడు. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం అతనికీ తెలిసేది కాదు. వచ్చే వారం చూసుకోవచ్చులే అనుకునేవాడు.

కరోనా వచ్చిన ఏడాది ఆ పత్రిక మూతపడింది. అప్పటికి అతని సీరియల్ పంతొమ్మిదో వారంలో ఉంది. తాళం వేసిన గదిలోంచి ఎవరో తనను పేరుపెట్టి పిలవటం విని, కథానాయిక సింధూరి తలుపు మీద చెయ్యి వేసింది. అంతే. గదిలో ఎవరున్నారని పాఠకులు అడుగుతారనుకున్నాడు. ఏడాది చూశాడు. ఒక్క ఉత్తరం రాలేదు, ఒక్క ఫోనూ మోగలేదు.

నాలుగేళ్ళకు మైలవరం నుంచి వినీల అనే ఆమె ఫోన్ చేసింది.

"మా అమ్మ శౌరమ్మ మీ సీరియళ్ళు వదలకుండా చదివేదండీ. ఇప్పుడు మంచంలో ఉంది. ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఆగిపోయిన కథ ఏమైందో కనుక్కోమని రోజూ ఒకటే అడుగుతోంది సార్."

"నేనే వచ్చి చెబుతానమ్మా," అన్నాడు.

మూడు రోజులు రాశాడు. గదిలో భర్తను పెట్టాడు. చచ్చిపోయిందనుకున్న చెల్లెల్ని పెట్టాడు. ఏదీ నప్పలేదు. అసలు ఆ గదిలోకి మనిషి వెళ్ళే దారే తను ఎక్కడా రాయలేదు.

భార్య హన్నా ఆ కాగితాలు చూసి, "మీకే తెలియంది ఆమెకేం చెబుతారండీ?" అంది.

చెల్లెలి ముగింపే జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

శౌరమ్మ మంచానికి అంటుకుపోయి ఉంది. అతన్ని చూడగానే తల ఎత్తబోయింది.

"చెప్పు బాబూ. రావమ్మ కూతురు నూతిలో పడింది గదా. బతికిందా?"

జీవరత్నం రాసిన ఏ సీరియల్లోనూ రావమ్మ లేదు, నుయ్యీ లేదు. అది మరెవరో రాసిన కథ.

"బతికిందమ్మా," అన్నాడు.

"ఎవరు తీశారు?"

"మోటారు బాగుచెయ్యటానికి వచ్చినాయన... తాడు వేశాడమ్మా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "అట్టా కాదులే," అని గోడవైపు తిరిగింది.

వినీల మజ్జిగ ఇచ్చి, "మందుల మత్తండీ, ఏమీ అనుకోకండి," అంది. అనుకోలేదన్నాడు. బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చున్నాడు. ఇన్నేళ్ళకు దొరికిన ఆ ఒక్క పాఠకురాలూ ఎదురుచూసింది తన కథ కోసం కాదు. మరొకరి కథనైనా ఆమె నమ్మేలా ముగించలేకపోయాడు.

పది రోజులకు శౌరమ్మ పోయిందని కబురొచ్చింది. జీవరత్నం అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండానే లేచాడు. ఇప్పటికీ ప్రెస్సుకు వెళ్ళి శుభలేఖలు దిద్దుతున్నాడు. కథ మాత్రం మళ్ళీ రాయలేదు.