మూత వేస్తే ఆగిపోయే కంప్యూటర్

ఆపరేషన్ తర్వాత మా ఆవిడ గొంతు పోయింది. ఇప్పుడు మాట గాలిలాగా వస్తుంది, దగ్గర కూర్చుంటేనే అర్థమవుతుంది. అంతకుముందు చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా నలుగు పాటకూ హారతి పాటకూ ఆమెనే పిలిచేవాళ్ళు. ఒక వేసవిలో మైకు కొనుక్కొచ్చి, ఆమె వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటలన్నీ మా పాత కంప్యూటర్‌లో రికార్డు చేశాను. ఇంకోచోట కాపీ పెట్టలేదు. గొంతు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

ఈసారి వానలు పట్టాక ఒకరోజు స్విచ్చి వేస్తే, డిస్కు కనపడటం లేదని నల్ల తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. ఆపి మళ్ళీ వేస్తే మామూలుగా లేచింది. పాటల ఫోల్డరు తెరిచేలోపే బిగుసుకుపోయింది.

దగ్గర్లో ఉన్న కోట టౌను నుంచి రిపేరు చేసే ఆయన్ని పిలిపించాను. ఆయన తెర చూసి, పెట్టె మీద చెయ్యి ఆనించి, "డిస్కు పోయినట్టుండాది అన్నా. మద్రాసుకు పంపిస్తే తీస్తారేమో చూడాల. నమ్మకంగా చెప్పలేను" అన్నాడు. ఈలోపు కొత్త కంప్యూటర్ తీసుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ కాఫీ ఇచ్చే పంపించాను.

రొయ్యల గుంటల మీద నీళ్ళు చిలికే మోటార్లతోనే నా జుట్టు నెరిసింది. ఒకసారి తిరిగి ఒకసారి మొరాయించే మోటారు కాలిపోయినట్టు కాదు. కాలిపోయింది అసలు తిరగదు. మొరాయించేదాన్లో తీగ ఎక్కడో తెగి, కలుస్తూ ఉంటుంది. ఈ డిస్కు కూడా బతికే ఉందని, తేడా అంతా దాని దాకా పోయే దారిలోనే ఉందని నేను గట్టిగా నమ్మాను.

మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "ఇంక వదిలేయండి. ఉండేవి గూడా పోతాయి" అంది.

"పోయినాయని ఆయనే చెప్పినాడు గదా. ఇంక పోయేదేముంది?" అన్నాను. మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళింది. టార్చిలైటు తెచ్చి నా పక్కనే నిలబడింది.

ప్లగ్గు పీకి పక్క మూత తీశాను. లోపల గుడ్డమూట. ఉప్పు జాడీలో బియ్యం వేస్తే చెమ్మ పట్టదు కదా, అట్లాగే సముద్రపు గాలికి కంప్యూటర్ చెమ్మెక్కకుండా మా ఆవిడ మొలగొలుకుల బియ్యం మూట కట్టి ఇచ్చింది. నేనూ భలే తెలివి అని మెచ్చుకుని లోపల పెట్టాను. ఇప్పుడు మూటకు చిల్లి, ఒక్క గింజ లేదు. అడుగంతా ఎలుక పెంటికలు. వెనక ఖాళీ సందులోంచి దూరినట్టుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

డిస్కు నుంచి బోర్డుకు పోయే సన్నటి ఎర్ర కేబుల్‌ని రెండు కొసలా పీకి, మళ్ళీ నొక్కి పెట్టాను. కంప్యూటర్ లేచింది. పొంగిపోయి మూత బిగించాను. మళ్ళీ డిస్కు లేదంది. మూత తీస్తే ఉంది, వేస్తే లేదు. మధ్యాహ్నం దాకా ఇదే వరస. అన్నం చల్లారిపోతోందని ఆమె టార్చి వెలుగు నా మొహం మీదికి తిప్పింది. నేను లేవలేదు.

మూత వేసినప్పుడు ఆ కేబుల్ వంగుతోందని అప్పుడు తట్టింది. ప్లగ్గు మళ్ళీ పీకి, కేబుల్ బయటికి తీసి వేలితో తడుముతూ పోయాను. కిందివైపు మడత దగ్గర గరుకుగా తగిలింది. టార్చి వేసి చూస్తే పంటి గాట్లు, వాటి లోపల తీగలు మెరుస్తున్నాయి. బియ్యం చాలక ఎలుక దీన్ని కూడా రుచి చూసింది.

కొత్త కేబుల్ కోసం కోట దాకా పోయొచ్చే ఓపిక నాకు లేదు. సీడీలు పెట్టే డ్రైవుకూ అలాంటి కేబులే ఉంది. మా ఇంట్లో సీడీ చూసి ఏళ్ళు గడిచాయి. ఆ కేబుల్‌ని పీకి, గాడి సరిచూసుకుని డిస్కుకు గట్టిగా నొక్కాను. మూత బిగించి స్విచ్చి వేశాను. లేచింది. పెట్టెను అరచేత్తో తట్టాను. అయినా ఆగలేదు. ముందు పాటలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. అవి ఎక్కేదాకా తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

అప్పుడు మొదటి పాట నొక్కాను. పాట వెంటనే రాలేదు. కాసేపు గరగర, కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత వీధి చివరిదాకా వినపడే ఆమె పాత గొంతు.

"ఆ ఫ్యాను ఆపమన్నా గదా. ఎన్నిసార్లు చెప్పాల మీకు? గాలి చప్పుడంతా పాటలో పడతాది."

పాటల కోసమే ఇంత పట్టుబట్టాను అనుకున్నాను. ఆమె నన్ను కేకలేయగా విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసొచ్చింది. పక్కనున్న ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే లేచి వెళ్ళి ఫ్యాను ఆపాను.