ఒక కొలువుకు వచ్చిన అత్తాకోడళ్లు

మొన్న జగిత్యాలకు వచ్చిన మా మనవరాలు, మధ్యాహ్నమంతా మంచం మీద కూర్చుని ఫోనులోనే నలుగురు పిల్లలను సేల్స్ ఉద్యోగాలకు ఎంపిక చేసి, తాతా, నువ్వూ ఇదే పని చేశావట కదా, అప్పట్లో ఏం చదివితే తీసుకునేవాళ్లు, ఏమిచ్చేవాళ్లు అని అడిగింది.

దానికంటూ చదువేముంది! ఎలాగో డిగ్రీ గట్టెక్కి, ఊరూరా తిరిగి కుట్టుమిషన్లు అమ్మినవాణ్ణి. అమ్మడం తెలిసినవాడే అమ్మగలిగేవాణ్ణి గుర్తుపడతాడని నమ్మిన కంపెనీ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో సేల్స్ మనుషులను వెతికిపెట్టే పని నాకు అప్పగించింది. జీతం ఇంటి కిరాయికీ బియ్యానికీ సరిపోయేది. నేను పెట్టిన మనిషి ఆర్నెల్లు నిలబడితేనే పైన కమీషన్. నిలబడకపోతే అదీ పోయేది, పై ఆఫీసులో నా మాటా పోయేది. మాట పోవడమంటే ఏమిటో మన తరం వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

సిరిసిల్లలో ఒక డీలరు దుకాణంలో ఇంటర్వ్యూలు పెట్టిన రోజు, మోటారు సైకిళ్ల మీద వచ్చిన కుర్రాళ్లంతా వెళ్లిపోయాక, బోయినపల్లి నుంచి ఆటోలో వచ్చిన ఒక అత్తా కోడలు గడప దగ్గర నిలబడ్డారు. కోడలు పది చదివింది, కుట్టుపని చక్కగా వచ్చు, కానీ నేను ఏది అడిగినా తల వంచుకుని అత్త వైపు చూసేది. నేను పెదవి విరవడం చూసి అత్తే ముందుకు వచ్చింది.

“మాట్లాడుడు నాకు ఇడువుండ్రి సార్, కుట్టి సూపెట్టుడు నా కోడలికి ఇడువుండ్రి. ఇద్దరం పోతం, ఒక్క జీతమే ఇయ్యుండ్రి. కూలికి పోయి పోయి నా నడుము వంగింది, గీ పిల్లదన్న వంగొద్దని తోల్కచ్చిన.”

అయితే నాకొక మిషన్ అమ్మమన్నాను నవ్వుతూ. ఆమె మిషన్ ఊసే ఎత్తకుండా ఇంట్లో వాళ్ల గురించి అడిగి, మా ఆవిడ కాన్పుకు పుట్టింటికి వెళ్లిందని నా చేత చెప్పించి, “మరి పుట్టేటి పిల్లకు అంగీలు ఎవరు కుడ్తరు సార్?” అంది.

కోడల్ని కొలువులోకి తీసుకున్నానని చెబితే, డిగ్రీ లేదు, బండి లేదు, పైగా మాట్లాడని మనిషని మేనేజరు ఫోనులో మండిపడ్డాడు. ఈమె నిలబడకపోతే మళ్లీ నన్ను మనుషులను ఎంపిక చేయమనకండి అని చెప్పేసి, ఆ రాత్రి అంత మాట ఎందుకన్నానా అని నిద్రపోలేదు.

నాలుగైదు నెలలు ఇద్దరూ కలిసే తిరిగారు. తర్వాత అత్త జ్వరంతో మంచం పట్టింది. ముస్తాబాద్‌లో మిషన్ చూపించే రోజు ముందే ఖాయమై ఉంది, ఇక ఈ కథ ముగిసిందనుకున్నాను. రెండు రోజులకు, ఒళ్లు ఇంకా కాలుతుండగానే, అత్త ఆటో దిగి దుకాణానికి వచ్చింది.

“ఒక్కతే పోయింది సార్! ఒక్కతే మాట్లాడి, రెండు మిషన్లు అమ్మింది!” అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఇగ నేను రాను. నాతోని పని లేదు దానికి.”

అంత సంతోషంగా కొలువు మానుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. కోడలు ఏళ్ల తరబడి నిలబడింది. కోరుట్లలో కొత్తగా చేరిన ఆడపిల్లలకు మాట్లాడడం నేర్పింది కూడా.

ఇప్పుడు మనిషి ముఖం ఫోనులో స్పష్టంగా కనబడుతుంది, చదువూ అనుభవమూ ముందే తెలిసిపోతాయి. ఆ తెరకు అవతల, ఊపిరి బిగబట్టుకుని పక్కనే ఎవరు కూర్చున్నారో మాత్రం ఎవరికీ కనబడదు.