పదకొండుసార్లు తీరిన ఫిర్యాదు

పెద్దాపురంలో మా వీధి పురోహితులు మణిశంకర్ గారికి శాస్త్రాలన్నీ వచ్చు, కాదనడం ఒక్కటే రాదు. ఉప్పు వెయ్యడం మరిచిన పప్పు వడ్డించి "బాగుందాండి?" అంటే, "ఆయ్, అమృతమండి" అని మారు వడ్డించుకునేవారు.

2003లో, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఆఫీసరైన లోకనాథ్ ఆయనకో పాత కంప్యూటరూ, బెంగుళూరులోని ఒక పెద్ద కంపెనీ వారి పంచాంగం సీడీ తెచ్చిపెట్టాడు. "ఇహ మీరు వేళ్ళు లెక్కపెట్టుకోనక్కర్లేదండి" అన్నాడు.

చిక్కు అతని తండ్రి తద్దినంతోనే వచ్చింది. తిథి కార్తీక బహుళ పంచమి. మణిశంకర్ గారు నవంబరు పదమూడన్నారు. కంప్యూటరు పద్నాలుగంది. తప్పెక్కడుందో ఆయనకి నిమిషంలో దొరికింది. తద్దినానికి చూడాల్సింది మధ్యాహ్నం దాటాక, భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చునే వేళకి ఉన్న తిథి. సీడీ మాత్రం పొద్దున్నే సూర్యోదయానికున్న తిథి చూసేసి చేతులు దులుపుకుంటోంది. ఆ ఏడు పంచమి పదమూడో తేదీ పగలు పదకొండింటికి వచ్చి, మర్నాడు పన్నెండుకల్లా వెళ్ళిపోతోంది.

"మీరు పెద్దవారు, పొరపాటు పడొచ్చండి. మిషను పడదు కదండీ. పద్నాలుక్కి సెలవు కూడా పెట్టేశాను" అన్నాడు లోకనాథ్.

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట పిండాలు పెట్టించిన మనిషి. తన మాట పోతే పోయింది. ఆ పోయిన పెద్దాయన పదమూడున వచ్చి, వాకిట్లో నిలబడి, ఆకలితో వెనక్కి వెళ్ళిపోతాడన్న ఊహే ఆయనకి ముద్ద దిగనివ్వలేదు.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోను చేశారు. ఫణిశ్రీ అనే అమ్మాయి ఎత్తింది.

"కంప్యూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్."

"చేశానమ్మా. పంచమి కదల్లేదు."

"డేట్ కరెక్ట్‌గా సెట్ చేశారా సార్?"

"తేదీ బాగానే ఉంది తల్లీ, తిథే బాగాలేదు."

"నోట్ చేసుకున్నాను సార్. మా సర్వీసు మీకు సంతృప్తిగా ఉందా?"

"ఆయ్, చాలా సంతోషం తల్లీ!"

ఆ ఒక్క మాటతో అక్కడ ఫిర్యాదు తీరిపోయినట్టు మూసేస్తారని ఈయనకేం తెలుసు? రెండ్రోజులాగి మళ్ళీ ఫోను, మళ్ళీ ఆఫ్ చేయడం, ఆన్ చేయడం, మళ్ళీ చాలా సంతోషం. అలా పదకొండుసార్లయ్యాక ఉదయ్‌భాస్కర్ అనే పై అధికారి తనే ఫోను చేశాడు.

"సార్, పదకొండుసార్లు ప్రాబ్లమన్నారు, పదకొండుసార్లూ హ్యాపీ అన్నారు. మాతో ఆటలాడుతున్నారా?"

"అయ్యో, ఎంతమాటండి! ఆడపిల్ల అంత మర్యాదగా అడిగితే సంతోషం లేదని ఎలా అంటామండి?"

పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న భార్య ఉమాశ్రీ గారు తలెత్తారు. "అనండి! తీరలేదనండి. నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

మణిశంకర్ గారికి చెమటలు పట్టాయి. కళ్ళు మూసుకున్నారు. "తీరలేదండి," అన్నారు. "సంతోషం... కాస్త తక్కువగానే ఉందండి. ఏమీ అనుకోకండి."

అది చాలింది. అధికారి ఆ మధ్యాహ్నపు తిథి లెక్కంతా చెప్పించుకుని రాసుకున్నాడు. నవంబరు ఎనిమిదికి కొరియర్లో కొత్త సీడీ వచ్చింది. ఈసారి కంప్యూటరు బుద్ధిగా పదమూడంది.

కబురందుకుని లోకనాథ్ వచ్చాడు. ప్రింటు కాగితం పైకెత్తి మురిసిపోయాడు.

"చూశారాండీ, పదమూడట! కంప్యూటరుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నాన్నగారి తద్దినం తప్పిపోయేదండి. ఇప్పుడే సెలవు మార్పించుకుంటాను. మిషనంటే మిషనేనండి! ఏమంటారు, మీకూ సంతోషమేనా?"

మణిశంకర్ గారు నోరు తెరిచారు. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"ఆయ్," అన్నారాయన, ఆ గుమ్మంకేసి ఓసారి చూసి. "తేదీ వరకూ సంతోషమేనండి."