కుడివైపు స్పీకరు

ఈమధ్య ఒక సోమవారం పొద్దున ఆటోనగర్లో మా కారు స్టీరియోల షాపు షట్టరు ఇంకా సగమే పైకి లేపానో లేదో, ఎదురుగా మా అన్నయ్య జీపు వచ్చి ఆగింది. అన్నయ్య పోయి ఏడాది దాటింది, ఆ జీపు నా షాపు ముందుకు వచ్చి నాలుగేళ్ళు దాటింది, అందుకని ఆ పచ్చరంగు బానెట్టు కనబడగానే షట్టరు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది. దిగింది అన్నయ్య కూతురు. దానికి కైకలూరు వైపు చేపల మేత కంపెనీలో ఉద్యోగం, రోజూ చెరువుగట్ల మీద తిరగాలి, ఆ గతుకుల్లో కార్లు నిలబడవు గనక వాళ్ళ నాన్న జీపునే బయటికి తీసింది. అందులో ఉన్న పాత సెట్టు పీకేసి, ఫోను కలిపే తెర ఒకటీ మంచి స్పీకర్లూ బిగించమంది. "నువ్వే బిగించాలి బాబాయ్, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వను" అని కూడా అంది.

మా లైన్లో ఒక పద్ధతి ఉంది. పాత సెట్టు విప్పేముందు బండి మనిషి ఎదుట దాన్ని ఒక్కసారి మోగించి చూపించాలి, లేకపోతే తర్వాత, నీ దగ్గరికి తెచ్చేదాకా బాగానే పాడింది కదయ్యా అనే తగువు తప్పదు. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ తప్పని పద్ధతి అది. ఆ రోజు మాత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని అన్నయ్య సీట్లో కూర్చున్నవాణ్ణి తాళం తిప్పలేకపోయాను. నా లోపల ఒక ముల్లు ఉంది మరి. నన్ను కన్నతండ్రిలా పెంచినవాడు చివరి మూడేళ్ళూ నాతో మాట్లాడకుండానే పోయాడు, నేను పిలిస్తే పలకలేదు, నా మీద ఆ కోపం అట్లాగే పట్టుకుని పోయాడా అన్న ప్రశ్న ఈ ఏడాదిగా నాకు తిన్నది ఒంటబట్టనివ్వలేదు.

మాది దివిసీమ వైపు పల్లె. అన్నయ్యకీ నాకూ పన్నెండేళ్ళ తేడా. నాన్న పోయాక అన్నయ్య బెజవాడ వచ్చి ఆటోనగర్లో టింకరింగు షెడ్డులో చేరాడు. సొట్టలు పడ్డ లారీ డోర్లూ, నలిగిన బస్సు రేకులూ సుత్తితో కొట్టి కొట్టి మళ్ళీ తిన్నగా చెయ్యడం ఆ పని, పొద్దున ఎనిమిదింటికి మొదలైన మోత సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆగదు. నన్నూ అందులోనే పడేద్దాం అని మా మేనమామ అంటే అన్నయ్య ససేమిరా ఒప్పుకోలేదు. ఈ సుత్తి మోత మా ఇంట్లో నా ఒక్కడితో చాలు మావయ్యా, మా చిన్నోడు చల్లగా నీడపట్టున కూర్చుని పాటలు వినే పని నేర్చుకుంటాడు అని చెప్పి, గవర్నర్‌పేటలో ఒక రేడియో రిపేరు షాపులో నన్ను పెట్టించాడు. అట్లా నేను శబ్దం మనిషినయ్యాను. టేపురికార్డర్లు కార్లలోకి వచ్చేసరికి వాటిని బిగించడంలో నాకు కాస్త పేరు కూడా వచ్చింది, పేరుతోపాటు పొగరూ వచ్చింది, ఆ సంగతి దాచుకుంటే లాభం లేదు.

ఆ జీపు ఏదో ఆఫీసువాళ్ళు వేలంలో పారేసినది. తొట్టి తుప్పు పట్టి, టాపు చిరిగి, చూస్తే నవ్వొచ్చేట్టుండేది. అన్నయ్య ఆదివారాలు కూర్చుని ఒక్కో రేకూ కొట్టి దాన్ని పెళ్ళికొడుకును చేశాడు. రంగు ఆరగానే నా దగ్గరికి తోలుకొచ్చి, ఒరే చిన్నోడా, బండి నేను చేశాను, ఇంక దీనికి గొంతు నువ్వు పెట్టు అన్నాడు. నా చేత్తో మొదట బిగించిన స్టీరియో సెట్టు అది, క్యాసెట్టు వేసేది, వాల్యూము నాబు వెనక సన్నటి రింగు ఉంటుంది, దాన్ని తిప్పితే శబ్దం కుడికీ ఎడమకీ జరుగుతుంది. మా ఈడువాళ్ళకు ఆ రింగు గుర్తుండే ఉంటుంది. అన్నయ్యకు నాటకాల పద్యాలంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బందరు కాలవ వెంట జీపు తోలుతూ, క్యాసెట్లో పద్యం రాగం అందుకోగానే తనూ అందుకునేవాడు. కంకిపాడు దాటాక ఎక్కడో ఒకచోట ఆగి ఇడ్లీ తిని వెనక్కి వచ్చేవాళ్ళం. ఆ దారిలో మేం చెప్పుకోని కబుర్లు లేవు, నా పెళ్ళి సంబంధం ఖాయం చేసింది కూడా ఆ జీపులోనే.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అన్నయ్య షాపుకొచ్చి, కుడివైపు స్పీకరు సరిగ్గా పలకట్లేదురా అన్నాడు. నేను పెట్టి చూస్తే శుభ్రంగా పలుకుతోంది. అయినా అన్నయ్య మాట కదా, కొత్తది వేశాను. ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే మాట. ఈసారి వైరింగు మొత్తం మార్చాను. తర్వాత సౌండు చాలట్లేదంటే సీటు కింద యాంప్లిఫయరు పెట్టాను, వెనక పెద్ద వూఫర్లు పెట్టాను. క్యాసెట్లు వదలనన్నాడు గనక ముందు సెట్టు మాత్రం పాతదే ఉంచి, దాని వెనకున్నదంతా ఒక్కొక్కటీ మారుస్తూ వచ్చాను. ఆటోనగర్ బుద్ధి అది. బండి ఏదైనా బాధ చెబితే మేం సామానే మారుస్తాం. బండిలో కూర్చున్న మనిషి వైపు చూడటం మాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు తల్చుకుంటే నా మొహానికి కళ్ళే లేవా అనిపిస్తుంది. అన్నయ్య గట్టిగా మాట్లాడేవాడు, నిజమే, కానీ ఆటోనగర్లో మెల్లగా మాట్లాడేవాడు ఎవడున్నాడు గనక? క్యాసెట్లో పద్యం అయిపోయాక కూడా తను ఇంకా రాగం తీస్తూనే ఉండేవాడు. అది చూసి నేనూ వదినా పడీపడీ నవ్వేవాళ్ళం, ఆయనా మాతో కలిసి నవ్వేవాడు. జీపులో నేనేం మాట్లాడినా జవాబు చెప్పేవాడు, ఎందుకు చెప్పడు, పక్కసీట్లో నేను ఆయనకు ఎడమవైపు కదా ఉండేది!

చివరికి ఒకరోజు షాపు నిండా జనం ఉండగా వచ్చి, కుడివైపుది మళ్ళీ పోయిందిరా చిన్నోడా అన్నాడు. వెళ్ళి చూస్తే రింగు మొత్తం ఎడమకి తిప్పేసి ఉంది. నాకు తిక్క రేగింది. నలుగురి ముందు రింగు మధ్యకి తెచ్చి పెట్టి, ఇట్లా తిప్పి కూర్చుంటే కుడివైపుది ఎట్లా పలుకుతుంది అన్నయ్యా, నీకు ఎన్ని పెట్టినా చాలదు, బుర్ర ఉపయోగించవు, ఇంక ఈ జీపు నా దగ్గరికి తీసుకురాకు అన్నాను. నోరు జారితే తీసుకోవడం ఉండదని తెలిసే వయసే నాది, అయినా అన్నాను. అన్నయ్య ఒక నవ్వు నవ్వి, తల ఊపి, జీపు తోలుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు నేను ఆ జీపెక్కలేదు.

రెండు నెలలకు మా కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. మా వైపు సొంత అన్నను కార్డు పంపి పిలవరు. తమ్ముడు స్వయంగా వెళ్ళి, నువ్వొచ్చి ముందు నిలబడాలి అని నోటితో చెప్పాలి, అప్పుడే ఆయన గడప దాటి వస్తాడు. పాత మాట మనసులో పెట్టుకోకూడదనుకుని మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డుకు వెళ్ళాను. సుత్తులన్నీ ఆగి ఉన్నాయి, పనివాళ్ళంతా టిఫిను క్యారియర్లు పట్టుకుని బయటికి పోయారు. అన్నయ్య ఒక్కడే ఒక వ్యాను పక్కన గొంతుక్కూర్చుని రేకు తడుముతున్నాడు, నావైపు వీపూ కుడిభుజమూ కనిపిస్తున్నాయి. అన్నయ్యా అన్నాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను, మూడోసారి గట్టిగానే పిలిచాను. తల కూడా తిప్పలేదు. ఆరడుగులు వేస్తే భుజం మీద చెయ్యి పడేది. వెయ్యలేదు. మొహం కూడా చూడదల్చుకోలేదన్నమాట అనుకుని, ఆ ఉక్రోషంతో గిరుక్కున వెనక్కి తిరిగాను. వదినకు బొట్టుపెట్టి చెప్పొస్తానని మా ఆవిడ కుంకుమభరిణె తీస్తే, ఏం అవసరం లేదు, కూర్చో అని కసిరాను. గృహప్రవేశానికి ఊళ్ళోవాళ్ళందరూ వచ్చారు, అన్నయ్య ఇంటినుంచి ఎవరూ రాలేదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కనిపిస్తే దూరం నుంచే నన్ను చూసి చెయ్యి ఎత్తేవాడు. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. పోయిన ఏడు ఎండలు మొదలయ్యే రోజుల్లో గుండెపోటుతో షెడ్డులోనే కుప్పకూలిపోయాడు. వెళ్ళాను, పాదాల మీద పడి ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో కూడా, ఆ రోజు ఒక్కసారి పలికి ఉండకూడదా అన్నయ్యా అనే దెప్పిపొడుపు నా లోపల వినిపిస్తూనే ఉంది. ఇంత నీచంగా కూడా ఉంటుంది మనిషి మనసు.

ఎంతసేపని కూర్చుంటాను, చివరికి తాళం తిప్పి క్యాసెట్టు మీట నొక్కాను. ఆ వచ్చిన శబ్దానికి పక్క షాపులవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సెట్టులో ఉండిపోయిన క్యాసెట్టు, నాబు చివరిదాకా తిప్పి ఉంది, పద్యం మధ్యలో రాగం, జీపు రేకులన్నీ అదిరిపోయాయి. అంతా ఎడమవైపు నుంచే. నా కుడిచెవి పక్కనున్న స్పీకరు, నేను కొత్తగా వేసిన స్పీకరు, నోరు మూసుకుని ఉంది. రింగు మళ్ళీ పూర్తిగా ఎడమకి తిరిగి ఉంది. చటుక్కున కట్టేశాను. ఆ పిల్ల చెవులు మూసుకుని నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నాన్న సౌండు బాబాయ్ అది. అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, ఆయన పెట్టుకున్నట్టే ఉంది."

ఇదేమిటమ్మా, ఎడమకెందుకు తిప్పాడు అని అడిగాను. అది నావైపు వింతగా చూసింది.

"అదేంటి, నువ్వే కదా పెట్టావు? నాన్నకి కుడిచెవి ఎప్పుడో పోయింది, సుత్తి మోతకి. రెండోది కూడా బాగా తగ్గిందన్నాడు డాక్టరు. 'మా తమ్ముడు నా చెవికి తగ్గట్టు సెట్టు చేసి పెట్టాడు, వాడంత పనివాడు బెజవాడలో లేడు' అని ఊరందరికీ చెప్పేవాడుగా. నీకు తెలీదా బాబాయ్?"

నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. నలుగురి ముందు నేను తిట్టి మధ్యకి తిప్పిన రింగును, ఇంటికెళ్ళి మళ్ళీ తిప్పుకుని, అది నా గొప్పతనం అని చెప్పుకున్నాడు మా అన్నయ్య. అయ్యో, ఎంత పాపిష్టివాణ్ణి. మరి నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, వదిన ఎన్నోసార్లు పోరిందట, ఆయనేమో, చెప్తాలే, వాడు జీపెక్కినప్పుడు నేనే చెప్తా, అక్కడైతే వాడి మాట నాకు వినబడుతుంది అనేవాడట. నేను జీపెక్కితే కదా!

ఇంకొకటి కూడా చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో, కానీ అడిగింది నేనే. మా గృహప్రవేశం రోజు పొద్దున్నే అన్నయ్య తలస్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, వదినను కూడా తయారవమని, జీపు వీధిలోకి తీసి అందులో కూర్చున్నాడట. పిలుపు లేదుగా, ఎట్లా వెళ్తాం అని వదిన అంటే, మా చిన్నోడు పనుల్లో మర్చిపోయి ఉంటాడు, ఈ పూటైనా వస్తాడు, నేను చప్పుడు వినకపోతే నువ్వు చూసి చెప్పు అన్నాడట. పన్నెండు దాటాక దిగి, పంచె మడతపెట్టి బీరువాలో పెట్టి, షెడ్డుకు వెళ్ళిపోయాడట. కోపమేమైనా పడ్డాడా అని అడిగాను. నీ మీదా, నాన్నకా అని అది నవ్వింది.

ఆ మధ్యాహ్నం కొత్త తెర బిగించాను. దాన్ని మొదటిసారి వెయ్యగానే తెర మీద జీపులోపలి సీట్ల బొమ్మ వచ్చింది, వినేవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో వేలితో చూపించమంది. చుక్కను డ్రైవరు సీటు మీదికి జరిపితే శబ్దమంతా ఆ పిల్ల చెవుల దగ్గరికే వచ్చింది. ఇప్పటి సెట్లలో ఇదేమంత గొప్ప సంగతి కాదు. ఇప్పుడు రేడియో రిపేరు షాపులు గవర్నర్‌పేటలో వెతికినా దొరకవు, క్యాసెట్లు చూపిస్తే ఈ కాలంవాళ్ళు ఇదేమిటని అడుగుతారు, సుత్తితో కొట్టేవాళ్ళు తగ్గి డోరుకు డోరే కొత్తది వేసేస్తున్నారు, ఆటోనగర్లో మోత కూడా మునుపటంత లేదు. నేను అవేవీ పెద్దగా పట్టించుకోను. ఆ సీట్ల బొమ్మను మాత్రం మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను. వినే మనిషి ఎవరు, ఎక్కడున్నాడు, ఎట్లా వింటున్నాడు అని ఈ యంత్రం ముందుగా అడిగే మాటను, అన్నయ్య పెట్టిన భిక్షతో బతికిన శబ్దం మనిషినై ఉండి కూడా నేను ఆయన్ను ఒక్కసారీ అడగలేదు.

పాత సెట్టును, ఆ ఎడమ స్పీకరును ఇంటికి తెచ్చుకున్నాను. హాల్లో కిటికీ పక్కన పెట్టి బ్యాటరీకి కలిపాను. ఆదివారం పొద్దున్నే అన్నయ్య క్యాసెట్టు ఆయన పెట్టుకున్నంత సౌండుతోనే వేస్తాను, మా ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. అన్నయ్య అడుగు పెట్టని ఇల్లు ఇది. స్పీకరు పక్కన ఒక కుర్చీ వేసి ఉంచుతాను, దానికి ఎడమవైపు నేను కూర్చుంటాను. పద్యం అయిపోయాక ఇంకా కాసేపు కూర్చునే ఉంటాను.