మా అన్నకు పెట్టిన ఆలు పుల్లలు

మొన్నటి సంది నేను బజార్ల నడుస్తుంటె వెనుక నుంచి ‘కావ్ కావ్’ అంటున్నరు. చాయ్ హోటల్ల కూసుంటె గల్లా కాడున్నాయన సుత మూతి బిగవట్టి నవ్వుతుండు. ఇదంత మా లింగయ్య బావ పని. మా అక్క మొగుడు. జరిగిన దాంట్ల సగమే చెప్పిండు, ఆ సగానికి ఇంత కారం అద్ది చెప్పిండు. రాత్రి బడిల తిప్పలు వడి అక్షరాలు నేర్చుకున్నది మరెందుకు? అసలు సంగతి నేనే రాస్తున్న. నవ్వేటోళ్ళు నవ్వుకోన్రి. కాని ఇంట్ల ఒక్కరే ఉన్నప్పుడు చదవకున్రి.

మా అన్న వెంకయ్య బొల్లారంల ఒక తెల్లదొర బంగ్లల వంట చేసేటోడు. ముసలితనానికి సిద్దిపేటకు తిరిగొస్తూ రెండే తెచ్చిండు. మసిలే నూనె పడి కుంటైన కుడికాలు, ఒక ఇనుప కడాయి. ఆ కడాయిల ఆలుగడ్డలను చిటికెన వేలంత పుల్లలు కోసి వేయించేటోడు. దొరలు చిప్స్ అంటరట. మా ఇంట్ల ఆలు పుల్లలే. పిల్ల పుట్టిందంటె ఆలు పుల్లలు. వాన పడ్డదంటె ఆలు పుల్లలు. తప్పిపోయిన బర్రె ఇంటికొచ్చిందంటె ఆలు పుల్లలు. జర్మనోళ్ళ లడాయి ఒడిసిందని తెలిసిన్నాడైతే వాడకట్టు మొత్తానికి పంచిండు!

నాకు మాత్రం మంట. తినుటానికి కాదు, తినేటప్పుడు చప్పుడు చెయ్యకుంట తినేటోణ్ణి. అందరు ఆయనను మెచ్చుకుంటె మంట. “ఏమున్నది అండ్ల? గడ్డ కోసుడు, నూనెల ఏసుడు! నేను సుత చేస్త” అని ప్రతిసారి అనేటోణ్ణి. ఆ మాటనే ఆఖరికి నా మెడకు చుట్టుకున్నది.

అన్న పోయిండు. పిట్టకు పెట్టే దినం వచ్చింది. పోయినాయనకు ఇష్టమైనవన్ని వండి విస్తరిల పెడితె కాకి వచ్చి ముట్టాలె. ముట్టిందా, మనిషి తృప్తిగ పోయిండని లెక్క. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పటిదాక ఇంటోళ్ళు మెతుకు ముట్టరు. ఆ పొద్దున మా వదినె నర్సవ్వ నన్ను పిలిచి మెల్లగ చెప్పింది, “మల్లయ్యా, మీ అన్నకు ఆలు పుల్లలు పెట్టాలె.” నేనేమన్న? “మన తాతలకు పెట్టనిది మనం పెట్టేది లేదు. దొరల తిండి మన కాకి ముడ్తదా?” అన్న. అంటె అన్నట్టె.

కోమటి చెరువు కట్ట కింద విస్తరి వేసినం. అన్నం, పప్పు, గారెలు, కోడికూర, పక్కన కల్లు. కాకులు రానే వచ్చినయి. తుమ్మచెట్టు కొమ్మ మీద వరుసగ కూసున్నయి. ఒక్కటి సుత అరవలేదు. గాలి ఆగింది. కొమ్మ మీది ఆకు కదలలేదు. కాకి అరిస్తె చెవులు మూసుకుంటం గని, అన్ని కాకులు నోరు మూసుకొని మనల్నే చూస్తుంటె ఎట్లుంటదో నాకు ఆ పొద్దే తెలిసింది.

“వెంకయ్యా! నర్సవ్వను మేం మంచిగ అరుసుకుంటం, రా!” అన్నడు బావ.

కాకి కదలలేదు.

“నీ పొలం గట్టు జరపం, రా!”

కదలలేదు.

అప్పుడే కొమ్మ చివర ఉన్న కాకిని చూసిన. కుడికాలు కడుపులకు ముడుచుకొని, ఒంటికాలి మీద కూసున్నది. తల ఒక పక్కకు వంచి నన్నే చూస్తున్నది. మా అన్న గట్లనే చూసేటోడు. రెండు చేతులెత్తి దండం పెట్టిన. “అన్నా, నీ కొత్త చెప్పులు నేను తొడుక్కోను! తొడుక్కున్న గని, ఇడిచిపెడ్త!” అని అరిచిన. అందరు నా కాళ్ళ దిక్కు చూసిన్రు.

వదినె అప్పుడు అన్నది, “పొద్దున్నే చెప్పిన. ఈయననే వద్దన్నడు.”

ఆమె పెదవులు ఎండి పగిలినయి. అన్న పోయిన కాన్నుంచి గంజి చుక్క తప్ప ఏమీ లోపటికి పోలేదు. లేవబోయి కూలబడ్డది. కాకి ముట్టేదాక మంచినీళ్ళు సుత తాగనని పట్టు పట్టింది. నాకు కాకి కన్న ఆమెను చూస్తేనే ఎక్కువ భయమైంది. అన్న ఒంటిగ పోయేటట్టు లేడు, తోడు తీస్కపోయేటట్టున్నడు.

“చేస్తనంటివి గదా ఎప్పుడు?” అన్నడు బావ. “గడ్డ కోసుడు, నూనెల ఏసుడు! నడువు!”

ఇంటికి నడిచినం. మా నెత్తుల మీంచి కాకులు సుత వచ్చినయి. రెక్కల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

పెరట్ల పొయ్యి పెట్టిన. మనుషులుంటె కాకి దిగదని అందరు ఇంట్లకు పోయి తలుపు దగ్గరికేసిన్రు. మిట్టమధ్యాహ్నం. గోడ మీద కాకులు. నేను, అన్న కడాయి. మొదటి వాయి ముద్దయింది. రెండోది బయట బొగ్గు, లోపట పచ్చి. కట్టెలు పచ్చియి, పొగకు కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి. అప్పుడు యాదికొచ్చింది. అన్న పుల్లలను చల్లటి నీళ్ళల్ల నానేసి, తువ్వాలతోని ఒత్తి, ఒకసారి మెత్తగ వేయించి, చల్లారబెట్టి, మళ్ళ పెద్దమంట మీద వేయించేటోడు. “నూనె మాట్లాడుడు ఆపినంక తియ్యాలెరా” అనేటోడు.

గట్లనే చేసిన. నూనె చరచర మాట్లాడింది. మాట్లాడి మాట్లాడి, ఆగింది. ఆగంగనే నా చెవు పక్కన ఎవరో ఊపిరి వదిలినట్టైంది. తిరిగి చూస్తె ఎవరు లేరు. గోడ మీద కుంటికాకి మాత్రం ఇంకింత దగ్గరకు జరిగింది.

బంగారం రంగు పుల్లలు ఇంకో విస్తరిల పోసిన. ఉప్పు తెద్దామని లేవబోయిన. కాకులకు వీపు తిప్పబుద్ధి కాలె. చప్పగ పెడితె అన్న తిట్టడా, ఎట్లున్నయో చూద్దామని ఒక్కటి నోట్లె వేసుకున్న. పోయినోళ్ళకు పెట్టేది ఎంగిలి చెయ్యొద్దని నాకు తెల్వదా? తెలుసు. కాని భయంల బుద్ధి పని చెయ్యలేదు.

ఉప్పు సరిపోయింది!

నేను ఉప్పు వెయ్యనే లేదు. ఉప్పు కుండ ఇంట్ల ఉన్నది. భ్రమ కావచ్చని ఇంకొకటి తిన్న. దానికీ ఉన్నది. అడుగుదానికి ఉండదేమో అని అడుగుది తీసిన. ఉన్నది! పక్కదానికి? దానికీ! పైన కరకర, లోపట వెన్న. అచ్చం అన్న చేతి పుల్లనే. తింటున్న, వణుకుతున్న, తింటున్న. చెయ్యి విస్తరి అడుక్కు తాకింది. ఒక్కటే మిగిలింది, అది సుత నా వేళ్ళ నడుమ.

కుంటికాకి దిగింది. ఒంటికాలి మీద ఎగురుకుంట వచ్చి, తల వంచి నా మొఖంల మొఖం పెట్టి చూసింది. చిన్నప్పుడు నేను దొంగతనంగ బెల్లం తింటె అన్న చూసిన చూపు! నా వేళ్ళల్ల పుల్లను గుంజుకొని ఎగిరిపోయింది. అప్పుడు అరిచినయి కాకులన్ని ఒక్కసారి.

“ముట్టింది! ముట్టింది!” అని తలుపు సందుల నుంచి చూస్తున్న బావ ఎగిరిండు. అందరు ఉరికొచ్చిన్రు. విస్తరి ఖాళీ.

“అయ్యో, మొత్తం తిన్నడా!” అని వదినె ఏడుస్తూ విస్తరి ముందు కూసున్నది. తర్వాత తలెత్తి నా మొఖం చూసింది. కొంగు తీసి నా మీసాలకంటిన నూనె తుడిచింది. “మల్లయ్యా, కాకికి మీసాలెప్పుడు మొలిసినయి?”

బావ ‘కావ్’ అన్నడు. వదినె నవ్వింది. ఏడ్పు ఆగక ముందే నవ్వు వచ్చి, దగ్గు వచ్చి, “నీళ్ళియ్యున్రి” అన్నది. తాగినంక, “నాకూ ఇన్ని వేయించు. ఆకలైతుంది” అన్నది.

ఉప్పు సంగతి చెప్తె బావ నమ్మడు. “నీ కండ్లల్ల నీళ్ళు పడ్డయి అండ్ల. అన్న కోసం ఏడ్చినవని ఒప్పుకోరాదు?” అంటడు. అవి పొగ నీళ్ళు. చచ్చినా ఒప్పుకోను.

కాకి అరిస్తె చుట్టాలొస్తరని ఊరంత ఇంత ఎక్కువ బియ్యం కడుగుతది. ఇప్పుడు రోజు మధ్యాహ్నం మా గోడ మీద ఒంటికాలి మీద నిలబడి ఒక కాకి అరుస్తది. నేను ఆలుగడ్డలు కడుగుతున్న.